మంచం నుంచి బాత్‌రూమ్ దాకా: అత్తయ్యగారు పడిపోకుండా ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు, నా అనుభవం

తెనాలిలోని మా ఇంట్లో అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆమెకు అల్జీమర్స్ తొలి దశలో ఉందని గుంటూరులో నరాల వైద్యుడు నిర్ధారించినప్పుడు మా దృష్టంతా మతిమరుపు మీదే ఉంది. గ్యాస్ కట్టేయడం మరచిపోతారేమో, వీధిలోకి వెళ్ళి దారి తప్పుతారేమో అన్నవే అప్పటి మా భయాలు. డాక్టరుగారు మాత్రం మందుల చీటీ చివర 'ఇంట్లో పడిపోకుండా చూసుకోవాలి' అని రాసి దాని కింద గీత గీశారు. కొన్ని నెలలకు ఆమె రాత్రివేళ బాత్‌రూముకు వెళ్తూ పడి, మణికట్టు ఎముక విరిగి, కట్టు కట్టించుకుని వచ్చారు. అది తుంటి ఎముక కాకపోవడం అదృష్టమని ఎముకల డాక్టరు అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఏయే పరికరాలు పెట్టాం, వాటిలో ఏవి నిలిచాయి, ఏవి అటక ఎక్కాయి అన్నది ఇలాంటి పెద్దవారిని చూసుకుంటున్న కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

మతిమరుపు జబ్బుకూ పడిపోవడానికీ సంబంధమేమిటన్న సందేహం ఇంట్లో అందరికీ ఉండేది. ఆమె కాళ్ళలో బలం ఉంది, మోకాళ్ళ నొప్పులు ఆ వయసులో ఎవరికైనా ఉండేవే. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేసిన రెండు చిన్న పరీక్షలతో ఆ సందేహం తీరింది. మొదటిది కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవడం. దీనికి 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అత్తయ్యగారికి అంతకంటే కాస్త ఎక్కువే పట్టింది గాని మరీ ఆందోళన పడేంత కాదు. అసలు సంగతి రెండో పరీక్షలో బయటపడింది. ఆమెను నడుస్తూ కూరగాయల పేర్లు చెప్పమన్నారు. 'వంకాయ, బెండకాయ' అన్నాక మూడో పేరు కోసం వెతుక్కుంటూ ఆమె ఉన్నచోటే ఆగిపోయారు. ఒక కాలు ముందుకు పడి, రెండోది వెనకే ఉండిపోయి, ఒళ్ళు గోడ వైపు ఒరిగింది. ఫిజియోథెరపిస్టు చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నారు. మనకు నడక ఆలోచన లేకుండా సాగిపోయే పని గాని, ఈ జబ్బు ఉన్నవారికి అది కూడా మనసు పెట్టి చేయవలసిన పనే కాబట్టి, ఒక మాట గాని, ఒక చప్పుడు గాని ఆ ధ్యాసను లాక్కుంటే అడుగు తప్పుతుందని ఫిజియోథెరపిస్టు వివరించారు. మాట్లాడిస్తే నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో ఎక్కువగా పడిపోతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే ప్రచురించారు.

దీనికి తోడు చూపు సంగతి ఒకటుంది. కంటి డాక్టరు అద్దాలు సరిగానే ఉన్నాయన్నా, బాత్‌రూము ముందు పరిచిన ముదురు నీలం కాలిపట్టా ఆమెకు గుంటలా కనిపించేది. దాన్ని తప్పించుకోవడానికి పక్కకు పెద్ద అడుగు వేసేవారు. మెరిసే టైల్సు మీద ట్యూబ్‌లైటు వెలుగు పడితే నీళ్ళు ఒలికాయని అక్కడే నిలబడేవారు. కన్ను చూసినదాన్ని మెదడు సరిగా పోల్చుకోలేకపోవడం ఈ జబ్బులో ఒక భాగమని తెలిశాక ఆ పట్టా తీసేశాం. డబ్బు ఖర్చు లేని ఆ పని కొన్న పరికరాల్లో చాలావాటి కంటే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారనీ, వారిలో నూటికి 80 మందికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాలవారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం చెబుతోంది. ఇన్ని లక్షల ఇళ్ళలో రాత్రిపూట ఎవరో ఒకరు నిద్ర మానుకుని కూర్చోలేరు గనుక, ఆ పనిలో కొంత భాగాన్ని పరికరాలకు అప్పగించాలనుకోవడం సహజమే.

మా మరిది న్యూజెర్సీలో ఉంటాడు. దూరాన ఉన్న కొడుకు ఆందోళన పార్సిళ్ళ రూపంలో వస్తుంది. మొదటి పార్సిల్‌లో వచ్చింది మనిషి పడిపోతే దానంతటదే గుర్తించి ఫోనుకు కబురు పంపే చేతిగడియారం. 'వదినా, ఇది అమ్మ చేతికి ఉంటే చాలు, నాకు కూడా మెసేజ్ వస్తుంది' అన్నాడు. గడియారం మంచిదే. కాని రోజూ ఛార్జింగ్ పెట్టాలి, పెట్టినప్పుడు తీయాలి, తీసినదాన్ని మళ్ళీ చేతికి కట్టాలి. కట్టిన ప్రతిసారీ అత్తయ్యగారు 'ఇది ఎవరిదో అమ్మాయీ, పాపం వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు' అని తీసి ఎక్కడో భద్రంగా దాచేవారు. ఒకసారి బియ్యం డబ్బాలో కొలపాత్ర కింద దొరికింది. మెడలో వేసుకుని అవసరమైతే నొక్కే మీటదీ అదే కథ. పడిపోయిన మనిషి, భయంలో నొప్పిలో, తన మెడలో ఒక మీట ఉందనీ దాన్ని నొక్కితే ఎవరో వస్తారనీ గుర్తు తెచ్చుకోవాలి. ఆ గుర్తు తెచ్చుకోవడమే ఆమెకు లేని శక్తి. మతి బాగున్న వృద్ధులకు ఇవి ఎంతో ధైర్యాన్నిస్తాయి, వద్దని నేను అనను. అయినా అవి పడిన తర్వాత చెప్పే పరికరాలు. పడకుండా చూడటం వేరే పని.

రెండో పార్సిల్ మాట్లాడే స్పీకరు. ఆమె లేవబోతున్నట్టు గదిలోని సెన్సర్ గుర్తించగానే, మరిది గొంతుతో రికార్డు చేసిన మాట వినిపించేలా దాన్ని అమర్చాడు: 'అమ్మా, కూర్చో, వదిన వస్తోంది.' ఎంతో ప్రేమతో చేసిన ఏర్పాటు అది. మొదటి రాత్రే ఆ మాట విని అత్తయ్యగారు లేచి, కొడుకు వచ్చాడనుకుని, చీకటిలో వరండా వైపు నడిచి తలుపు గడియ తీయబోయారు. ఫిజియోథెరపిస్టు కూరగాయల పరీక్షలో చూపించినది మరింత తీవ్రంగా మా కళ్ళముందు జరిగింది. ఆ మాటను తీసేసి, స్పీకరును పగటిపూట అన్నమయ్య కీర్తనలకు వాడుతున్నాం. దానికి అది చక్కగా పనికొస్తోంది.

తర్వాత పరుపు కింద పెట్టే ప్యాడ్ తెప్పించాం. మనిషి బరువు దాని మీద నుంచి తప్పగానే బెల్లు మోగుతుంది. అత్తయ్యగారిది బూరుగుదూది పరుపు. దూది ఉండలు కట్టినచోట ప్యాడ్‌కు బరువు తెలియక, ఆమె హాయిగా పడుకుని ఉండగానే మోగేది. ప్యాడ్‌ను కింద నుంచి తీసి పరుపు మీదకు, దుప్పటి అడుగున నడుము వచ్చే చోటుకు మార్చాక ఆ గోల తగ్గింది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే బెల్లు ఆమె గదిలోనే మోగడం. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఆమె గబుక్కున లేచేవారు. మామూలుగా నెమ్మదిగా లేచే మనిషిని బెల్లు తొందరపెడుతోందని అర్థమై, ప్యాడ్ బెల్లు పెట్టెకు ఉన్న స్పీకరు ఆపించి, మా గదిలో మాత్రం మోగే వైర్‌లెస్ కాలింగ్ బెల్‌కు దాన్ని కలిపించాం. ఆసుపత్రుల్లో కూడా ఈ మంచం అలారాలు అనుకున్నంత మేలు చేయలేదు. అమెరికాలో మెంఫిస్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 16 వార్డుల్లో పరీక్షించి చూస్తే, అలారాల వాడకం పెరిగింది గాని పడిపోవడం తగ్గలేదని 2012లో తేల్చారు. నర్సులు పక్కనే ఉండే చోటే అలా ఉంటే, రెండు గదుల అవతల నిద్రపోతున్న నేను బెల్లు విని కళ్ళు నులుముకుని వెళ్ళేసరికి ఆమె సగం దారి నడిచి ఉండటంలో వింత లేదు. అందుకే ఆ నడిచే దారినే బాగు చేయాలని మావారు పట్టుబట్టారు. ఇంట్లో మిగతా విషయాల్లో ఆయన మాట ఎంత చెల్లుతుందో గాని ఇందులో మాత్రం ఆయనదే సరైన మాట.

ఇలా దృష్టి దారి మీదకు మళ్ళినప్పుడు ఫ్రాన్సులో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివాను. తొలి, మధ్య దశల అల్జీమర్స్ ఉన్నవారి ఇళ్ళలో, మంచం దిగగానే వెలిగే లైట్ల దారినీ, సాయం కోసం మాట్లాడే ఫోను ఏర్పాటునూ కలిపి పెట్టి ఏడాదిపాటు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. అవి లేని ఇళ్ళలో దాదాపు 64 శాతం మంది ఇంట్లో పడిపోతే, అవి ఉన్న ఇళ్ళలో 33 శాతం మందే పడిపోయారు. వంద మందికి కూడా చేరని చిన్న ప్రయోగమే అయినా నాకు నచ్చిన సంగతి వేరు: ఆ లైట్ల విషయంలో వృద్ధులు చేయవలసిన పని గాని, గుర్తుంచుకోవలసిన విషయం గాని ఏదీ లేదు. పాదం నేలకు ఆనితే దారి కనిపిస్తుంది, అంతే.

మేము పెట్టినవి బజారులో ఐదారు వందలకు దొరికే సెన్సర్ లైట్లే. మనిషి ఒంటి వేడి కదలికను పసిగట్టి వెలిగి, కదలిక ఆగిన కాసేపటికి ఆరిపోతాయి. వాటిని గోడకు పైన కాకుండా, నేలకు జానెడు ఎత్తులో, మంచం కోళ్ళ దగ్గర ఒకటి, తలుపు పక్కన ఒకటి, నడవా మలుపులో ఒకటి, బాత్‌రూములో కమోడ్ వెనక ఒకటి వరుసగా అమర్చాం. పైనుంచి వెలిగే లైటు కళ్ళలో పడి ఆమెను నిలబెట్టేస్తుంది. నేల వారగా వచ్చే పసుపు వెలుగు పాదాలు పెట్టే చోటును మాత్రమే చూపిస్తుంది. తెల్లటి వెలుగు వచ్చేవి కొన్ని తెచ్చి తిరిగి ఇచ్చేశాం, ఎందుకంటే ఆ వెలుగుకు ఆమె తెల్లవారిందనుకుని స్నానానికి సిద్ధమయ్యేవారు.

అమర్చడంలో కొన్ని చిక్కులు కంపెనీ కాగితాల్లో ఉండవు. దోమతెర మంచం చుట్టూ దిగి ఉంటే సెన్సర్‌కు లోపలి కదలిక సరిగా అందదు; పైగా ఆ తెర అంచే కాలికి చుట్టుకుంటుంది. తెర తీసేసి కిటికీలకు దోమల జాలీ వేయించాం. బల్లి సెన్సర్ మీదుగా పాకితే లైటు వెలుగుతుంది. నవ్వుకోవలసిన విషయమే గాని, రాత్రంతా ఊరికే వెలుగుతూ ఆరుతూ ఉంటే ఛార్జింగ్ తెల్లవారకముందే అయిపోతుంది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మే నెల. ఈ సెన్సర్లు ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తాయి. డాబా పైకప్పు పగలంతా కాగి రాత్రి వదిలే సెగకు గది కూడా ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తే, శీతాకాలంలో అంత దూరం నుంచి గుర్తించిన సెన్సరే మనిషి ఎదురుగా వచ్చేదాకా వెలగదు. అందుకని వేసవిలో మంచం దగ్గరి లైటును పాదాలకు బాగా దగ్గరగా జరిపి, గదిలో కూలర్ వేసి ఉంచుతాం. రాడార్ తరహా సెన్సర్‌కు ఈ ఇబ్బంది ఉండదని ఎలక్ట్రీషియన్ ఒకటి తెచ్చి బిగించాడు. అది తిరుగుతున్న ఫ్యానుకూ, గోడ అవతల వంటింట్లో నా కదలికకూ వెలిగేది. 'ఇది మనకు కుదరదు మేడమ్' అని అతనే విప్పి తీసుకెళ్ళాడు.

కరెంటు గురించి ఒక మాట. మేము బ్యాటరీ లైట్లనే ఎంచుకున్నది, కరెంటు పోయిన రాత్రే పెద్దవారు ఎక్కువగా లేస్తారని; ఫ్యాను ఆగితే నిద్ర చెదురుతుంది. వైఫై మీద ఆధారపడే లైట్లు ఇంటర్నెట్ రౌటర్ ఆగితే ఎందుకూ పనికిరావు. బెల్లు, రౌటరు, అత్తయ్యగారి ఫ్యాను మూడూ ఇన్వర్టర్ మీదకు మార్పించాం.

నేను ఊహించని మేలు ఒకటి ప్యాడ్ వల్ల జరిగింది. అది ఆమె ఎప్పుడెప్పుడు లేచారో ఫోనులో నమోదు చేస్తుంది. ఆ లెక్క కొన్ని వారాలపాటు చూస్తే, ఆమె దాదాపు రోజూ ఒంటిగంట ప్రాంతంలోనూ, మళ్ళీ నాలుగు గంటలకూ లేస్తున్నారని తేలింది. ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరుగారు ముందుగా బీపీ మందుల వేళలు అడిగారు. వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర. దాన్ని ఆమె రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నారు. తర్వాత ఆమెను పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూశారు. పై అంకె 20 పాయింట్లు గాని అంతకు మించి గాని పడిపోతే, లేవగానే మెదడుకు రక్తం తగ్గి తూలే అవకాశం ఉంటుంది. ఆమెకు అంతకు మించే పడింది. ఆ మాత్రను ఉదయానికి మార్చారు. ఎప్పుడో ఒక డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకుండా కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి మాన్పించారు. ఈ మార్పులు డాక్టరు చెప్పకుండా ఎవరూ సొంతంగా చేసుకోకూడదు. కాని ఆ వేళల లెక్క లేకపోతే ఆ ప్రశ్న వచ్చేదే కాదు. ఇప్పుడు నేను ఒంటిగంటకు కొద్దిగా ముందే, దిండు కింద ఫోను వణికితే లేచి, ఆమెను మెల్లగా లేపి, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తెస్తాను. ఆమె ఒంటరిగా లేచే సందర్భాలు దీనితో సగానికి పైగా తగ్గాయి.

గడప సంగతి వేరుగా చెప్పాలి. గదికీ నడవాకూ మధ్య పాతకాలపు కొయ్య గడప ఉంది. దాన్ని తీసేయమని ఫిజియోథెరపిస్టు సలహా ఇచ్చినా, పెళ్ళై వచ్చినప్పటి నుంచి తాను పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను తీయడానికి అత్తయ్యగారు ఒప్పుకోలేదు. రాత్రి కనిపించడానికని ఎలక్ట్రీషియన్ దాని అంచున పసుపురంగు రేడియం టేపు అంటించాడు. విచిత్రమేమిటంటే ఆమె ఆ టేపును పసుపే అనుకుంటున్నారు. గడప తొక్కకూడదన్న చిన్ననాటి అలవాటు, మనవడి పేరు మరచిపోయిన మనిషిలో కూడా చెక్కుచెదరలేదు. ఎంత నిద్రమత్తులో ఉన్నా అక్కడికి రాగానే ఒక క్షణం ఆగి, పాదం పైకెత్తి దాటుతారు. బాత్‌రూములో నీళ్ళు ఆగడానికి కట్టిన దిమ్మెకు మాత్రం అలాంటి గౌరవం లేదు కాబట్టి మేస్త్రీ చేత దాన్ని చెక్కించి వాలుగా చేయించాం. స్టీలు రాడ్లు కమోడ్‌కు ఇరువైపులా యాంకర్ బోల్టులతో బిగించాం. తువ్వాలు వేసుకునే రాడ్లు మనిషి బరువుకు ఊడిపోతాయి. తెల్ల టైల్సు మీద స్టీలు రంగు ఆమెకు కనిపించక చెయ్యి గాలిలో వెతుక్కునేది, అందుకని రాడ్లకు ఎర్ర టేపు చుట్టాం.

కెమెరా పెట్టాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. ఆమెకు ఇంకా మంచీచెడూ తెలుస్తున్న దశలోనే అడగాలని నేను అన్నాను. అడిగితే 'నన్ను కాపలా కాస్తారా అమ్మాయీ' అని నవ్వి, 'బట్టలు మార్చుకునే చోట వద్దు' అన్నారు. ఆ మాట ప్రకారమే కెమెరా నడవా మలుపును మాత్రమే చూస్తుంది, మంచం వైపు గాని బాత్‌రూము వైపు గాని తిరగదు. మరిది దాన్ని తన ఫోనులో చూసుకుంటాడు. మొదట్లో అర్ధరాత్రి ఆమె కదిలితే చాలు, అక్కడి నుంచి ఫోను చేసేవాడు. ఆ రింగే ఆమెను కంగారుపెట్టి నిలబెడుతోందని చెప్పాక మానేసి మెసేజ్ పెడుతున్నాడు. కెమెరా వల్ల తెలిసింది ఒక్కటే: మలుపులో గోడ పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీని ఆమె ఆసరాగా పట్టుకుంటున్నారు, అది జారుతోంది. కుర్చీ తీసి అక్కడ ఒక రాడ్ బిగించాం.

ఇన్ని చేశాక కూడా ఆమె ఒకసారి పడ్డారు, అదీ పట్టపగలు, పెరట్లో తులసికోట దగ్గర, పాత హవాయి చెప్పు జారి. దెబ్బ పెద్దది కాదు. పరికరాలన్నీ రాత్రి దారిలోనే ఉన్నాయని ఆ రోజు గమనించి, పగలు వచ్చే కేర్‌టేకర్‌కు చెప్పులు, చీర కుచ్చెళ్ళ సంగతి అప్పగించాం. మడమ పట్టి ఉండే చెప్పులు కొన్నాం, ఇంట్లో చీరకు బదులు నైటీ అలవాటు చేశాం. మొదట అలిగారు గాని, కొంగు ఉండాలన్న షరతు మీద, పైన చున్నీతో ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున లైట్లన్నీ విప్పి ఛార్జింగ్ పెట్టడం, ప్యాడ్ మీద నుంచి లేచి బెల్లు మోగుతుందో లేదో చూడటం మావారి పని. గత కొద్ది నెలలుగా జబ్బు ఒక మెట్టు ముందుకు వెళ్ళింది. కమోడ్ దాకా వెళ్ళాక అక్కడికి ఎందుకు వచ్చారో ఆమెకు తోచడం లేదు, తిరిగి వచ్చేటప్పుడు మంచం ఏ వైపో తెలియక నడవాలోనే తిరుగుతున్నారు. మంచం కోళ్ళు కోయించి ఎత్తు తగ్గించాం. రాత్రిపూట మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టే విషయం మాట్లాడటానికి ఫిజియోథెరపిస్టు వచ్చే వారం వస్తున్నారు. అది పెడితే నడవా లైట్లు తీసి, ఆ కుర్చీ చుట్టూ అమర్చుకోవాలి.